ఇరవై ఒకటో తేదీకి ఏది కట్టుకోవాలి

మార్చి 3, మంగళవారం

ఇష్‌బెల్ వచ్చి వెళ్లింది. కోర్టు తీర్పు వచ్చిందట. తమ్ముడు టోర్మోడ్ చనిపోయినట్టేనని షెరీఫ్ జడ్జి సంతకం పెట్టాడు. ఈ నెల ఇరవై ఒకటి, శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి చర్చిలో ప్రార్థన. నేను నాలుగు మాటలు మాట్లాడాలి.

"అంత్యక్రియలు అనకు ఇన్నెస్. పూడ్చడానికేమీ లేదుగా" అంది.

"మరేమనాలి?"

"నాకూ తెలీదు. ఏదో ఒకటి అను."

టీ తాగకుండానే లేచింది. తమ్ముణ్ని చేసుకున్నప్పటి నుంచీ మా ఇంట్లో ఆమె టీ వదిలేసి వెళ్లడం ఇదే మొదటిసారి.

సరే. కిల్ట్ కట్టుకోవాలి, అందులో సందేహం లేదు. మోకాళ్ల దాకా మా వంశం గళ్ల బట్ట, ఆకుపచ్చ మీద నీలం. నల్లకోటు ఉంది, మేజోళ్లు ఉన్నాయి. చిక్కల్లా స్పోరన్ దగ్గరే. జేబుల్లేని బట్టకి ముందు వేలాడే సంచి అది. ఎదుటివాడి చూపు మొదట దాని మీదే పడుతుంది. నాకు రోజువారీది ఒకటి ఉంది, గోధుమరంగు తోలుది, మూడు కుచ్చుల్లో ఒకటి ఊడిపోయింది. నల్లది లేదు. బీరువా మీద అట్టపెట్టెలో నాన్నది ఉంది, సీల్ జంతువు బొచ్చు తోలు, వెండి అంచు. అది వద్దు.

గోధుమరంగుదే కట్టుకుంటాను. తేలిపోయింది.

మార్చి 4

గోధుమరంగుది గొర్రెల సంతకి వెళ్తున్నట్టుంటుంది. తేలలేదు.

మార్చి 7, శనివారం

ఇష్‌బెల్ తీర్పు కాగితం తెచ్చి అమ్మకి చదివి వినిపించింది. అమ్మకి ఎనభై ఆరు. చెవులు మాత్రం నాకంటే బాగా వినిపిస్తాయి.

మనిషిని చివరిసారి చూసిన రోజు నుంచి ఏడేళ్లు నిండిన నాటికి చనిపోయినట్టు లెక్క అని ఉంది అందులో. అంటే పోయిన సెప్టెంబరు.

అమ్మ చేతిలో రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేసింది. "పోయిన సెప్టెంబరు దాకా బతికే ఉన్నాడా? మరి ఈ ఏడేళ్లూ ఎక్కడున్నాడట? ఏం తిన్నాడట? ఆ షెరీఫుని అడిగావా?"

"అది చట్టం మాట అత్తయ్యా. ఏదో ఒక తేదీ వెయ్యాలి కదా."

"తేదీ లేనప్పుడు వెయ్యకూడదు."

ఎవరేం వేసుకోవాలన్న దాకా వచ్చింది మాట. తను నల్లబట్టలు వేసుకుంటానంది ఇష్‌బెల్. నన్నూ నల్ల స్పోరన్ కట్టుకోమంది, చావుకి కట్టుకునేది, నున్నటిది, మెరుపేమీ లేనిది.

"ఒరేయ్ ఇన్నెస్" అంది అమ్మ, ఆమెని వదిలేసి నావైపు తిరిగి. "నల్ల సంచి కట్టుకుని నా గడప దాటావంటే మళ్లీ ఇటు రాకు. వాడి శవాన్ని చూపించమను. చూపిస్తే నా చేత్తో నేనే కడతాను నీకు."

ఇష్‌బెల్ గొంతు పెంచలేదు. "ఏడేళ్లుగా నేనేమిటో నాకే తెలీదు అత్తయ్యా. పెళ్లయినదాన్నా, విధవనా? నేను దుకాణంలోకి అడుగు పెడితే అక్కడివాళ్లు మాటలాపేస్తారు. ఇంటికొచ్చే ఉత్తరాల మీద ఇప్పటికీ ఆయన పేరే. ఒక్కరోజు ఊరంతా నల్లబట్టల్లో నా ఎదురుగా నిలబడితే చాలు, నేనెవరో నాకు తెలుస్తుంది. మీ అబ్బాయి కూడా నల్లదే కట్టుకోవాలి."

ఇద్దరూ నన్నే చూశారు. నేను పొయ్యి వైపు చూశాను.

ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది.

మార్చి 8

వాన.

మార్చి 11, బుధవారం

ఐసు ఫ్యాక్టరీలో సెలవు పెట్టి ఫోర్ట్ విలియం పట్నానికి వెళ్లాను. కిల్ట్‌లు కుట్టి, అద్దెకిచ్చే ఫార్కర్ కొట్టు. నాన్న రోజుల నుంచీ మాకు అక్కడే.

"ఎవరిదయ్యా పెళ్లి?" అన్నాడు నన్ను చూడగానే.

"పెళ్లి కాదు."

"అయ్యో. పోయిందెవరు?"

"ఎవరూ పోలేదు. అంటే, పోయారు. ఇప్పుడు కాదు."

కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి నన్ను పరీక్షగా చూశాడు. "చూడు ఇన్నెస్, నలభై ఏళ్లుగా ఇదే పని నాకు. పగలైతే తోలు. రాత్రి విందైతే బొచ్చు, వెండి. చావైతే నల్లది. ఇంతే శాస్త్రం. ఎలాంటి రోజో నువ్వు చెప్పు, ఏ సంచో నేను చెప్తా."

"ఎలాంటి రోజో తెలియకపోతే?"

"తెలియకపోతే ఇంట్లో పడుకో."

విషయం చెప్పాను. నవ్వు ఆగిపోయింది. నల్లది తీసి గల్లాబల్ల మీద పెట్టాడు. కాసేపాగి ఇంకోటి తెచ్చాడు. వెనక తోలు, ముందు వైపు మాత్రం బొచ్చు, పొట్టి కుచ్చులు. "ఇది మధ్యరకం. ఎటూ తేల్చుకోలేని వాళ్లకి ఇదే ఇస్తాను. దీన్ని చూసి ఎవరూ తప్పు పట్టరు. మెచ్చుకోనూ మెచ్చుకోరు."

నడుముకి గొలుసు పెట్టి చూశాడు. బెల్టు బకిల్‌కి కింద నాలుగు వేళ్లు ఉండాలట. నాది మోకాళ్లు చూస్తోందట.

"అయినా నీకు ఇవన్నీ ఎందుకయ్యా? మీ నాన్నది ఉందిగా, సీల్ తోలుది. దాని గొలుసు బిగించింది నేనే. మీ మామయ్య కూతురి పెళ్లిలో అది కట్టుకుని మీ తమ్ముడు ఎగిరిన ఎగురుడు! పక్కకి జరుపుకుని ఆడాలయ్యా అని నేను అరుస్తుంటే, ముందు వైపే ఊపుకుంటూ, ఎక్కడ ఏం తగులుతుందోనని..."

సగంలో ఆగిపోయి అటు తిరిగి అరలు సర్దడం మొదలుపెట్టాడు. సర్దాల్సిందేమీ లేదు అక్కడ.

రెండూ తెచ్చాను. ఇప్పుడు ఇంట్లో నాలుగు ఉన్నాయి.

మార్చి 12, గురువారం

ఫార్కర్‌కి మతిమరుపు వచ్చింది. ఆ పెళ్లిలో నాన్నది కట్టుకున్నది టోర్మోడ్ కాదు. నేను.

మార్చి 14, శనివారం

పొద్దున్న అద్దం ముందు ఒక్కోటీ కట్టి చూశాను. గోధుమరంగుది కడితే ఏమీ జరగనట్టుంది. నల్లది కడితే అంతా అయిపోయినట్టుంది. మధ్యరకంది కడితే ఇంటిపన్ను అధికారిలా ఉన్నాను.

ఏదో చప్పుడైతే వెనక్కి తిరిగాను. అమ్మ. స్టూలెక్కి బీరువా మీద నుంచి అట్టపెట్టె దింపుకొచ్చింది. ఎనభై ఆరేళ్ల మనిషి, స్టూలు! నాన్న స్పోరన్ తీసి ఒళ్లో పెట్టుకుని బొచ్చు చేత్తో దువ్వుతోంది.

"ఇది కట్టుకో. పండక్కి వెళ్లినట్టు వెళ్లు. నల్లదీ వద్దు, ఆ మధ్య బేరందీ వద్దు. వాడు తిరిగొస్తే, నీ కోసం అన్నయ్య ఎంత బాగా తయారయ్యాడో తెలుసా అని చెప్తాను."

"దాన్ని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను!" అని అరిచాను.

నిజానికి ఒక్కసారి కూడా చెప్పలేదు.

"ఎందుకురా? మీ నాన్న నీకే ఇచ్చాడుగా. పెద్దవాడివని నీకే ఇచ్చాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ కట్టుకోలేదేం?"

చలిగాలి కోసం బయటికి వెళ్తున్నానని చెప్పి వెళ్లిపోయాను. ఆ మాటకి అర్థం లేదు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, ఇల్లంతా చలిగాలే.

మొన్న గురువారం రాసింది అబద్ధం. ఈ పుస్తకం చదివేది నేనొక్కణ్నే. నాకే అబద్ధం చెప్పుకున్నాను.

మార్చి 15, ఆదివారం

కాలు నొప్పిగా ఉందని చర్చికి వెళ్లలేదు.

కాలు నొప్పి లేదు.

మార్చి 17, మంగళవారం

రాసేస్తాను. రాస్తే ఏది కట్టుకోవాలో తెలుస్తుందేమో.

మామయ్య కూతురి పెళ్లి. సెప్టెంబరు, ఊరి హాల్లో, సాయంత్రం నాలుగింటికి మొదలైంది ఆట. నేను తయారవుదామని చూస్తే బీరువాలో నాన్న స్పోరన్ లేదు. ఇల్లంతా వెతికాను. చివరికి గోధుమరంగుది కట్టుకుని ఆలస్యంగా వెళ్లాను. హాలు మధ్యలో టోర్మోడ్ ఆడుతున్నాడు. నాన్నది వాడి నడుముకి ఊగుతోంది. బొచ్చు మీద బీరు ఒలికి తడిగా ఉంది.

వాడు ఎప్పుడూ అంతే. నా సైకిలు, నా చొక్కా, నా వలకత్తి, అడగకుండా తీసుకెళ్లేవాడు, నవ్వుతూ తిరిగిచ్చేవాడు. నాకు నాన్న ఇచ్చింది అదొక్కటే. అదొక్కటీ అడిగి తీసుకెళ్లొచ్చుగా అనుకున్నాను. అప్పటికి నేను రెండు గ్లాసులే తాగాను. తాగి చేశాను అని చెప్పుకోవడానికి లేదు.

వెళ్లి "తియ్యి" అన్నాను. వాడు సరదాకి అనుకుని నా చెయ్యి పట్టుకుని తిప్పాడు. అప్పుడు వెనక్కి వెళ్లి, వాడి నడుం దగ్గర గొలుసు నేనే ఊడదీశాను. అంతమంది ముందు. కిల్ట్ మీద ఏమీ లేకుండా నిలబడ్డాడు వాడు, ప్యాంటు జారిపోయిన పిల్లాడిలా. హాలంతా నవ్వింది. మొదట వాడూ నవ్వాడు. నా మొహం చూశాక ఆపాడు.

"పట్టుకెళ్లు. నాన్నని నువ్వే ఉంచుకో" అన్నాడు.

మర్నాడు వేటకి వెళ్లే రోజు. మా పడవ ఇద్దరిది. రొయ్యల బోన్లు ఒకడు లాగాలి, ఒకడు తాడు చూసుకోవాలి. ప్రతి వేట రోజూ ఐదింటికి వాడొచ్చి నా కిటికీ అద్దం రెండుసార్లు తట్టేవాడు. పదిహేడేళ్లుగా అంతే.

ఆ రోజూ తట్టాడు. నేను మేలుకునే ఉన్నాను. రెండుసార్లు తట్టి ఆగాడు. నిలబడనీ కాసేపు అనుకున్నాను. మళ్లీ తట్టాడు, మూడోసారి. వాడు మూడోసారి ఎప్పుడూ తట్టడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. తర్వాత గులకరాళ్ల మీద బూట్ల చప్పుడు, కిందికి.

పదకొండింటికి పడవ దొరికింది. ఇంజను నడుస్తూనే ఉంది. సగం బోన్లు లోపల, సగం నీళ్లలో. తాడు వాడి కాలికి చుట్టుకుని లాగేసి ఉంటుందన్నారు. రెండో మనిషుంటే కోసేసేవాడు అని ఎవరూ అనలేదు. అనక్కర్లేదు.

పోలీసులు అడిగితే, తాగి పడుకున్నాను, ఎవరూ తట్టినట్టు వినలేదు అన్నాను. అమ్మకీ అదే చెప్పాను. ఇష్‌బెల్‌కీ అదే.

ఏది కట్టుకోవాలో ఇప్పటికీ తెలియలేదు.

మార్చి 18

నల్లదే.

మార్చి 19, గురువారం

కాదు. నల్లది కట్టుకుని ఏడ్చే హక్కు నాకుందా? అమ్మ ముందు కట్టుకునే ధైర్యముందా? గోధుమరంగుది అయితే ఎవరూ ఏమీ అడగరు. కానీ ఆ పెళ్లిలో నా నడుముకి ఉన్నది అదే. మధ్యరకందైతే... ఫార్కర్ అన్నట్టు ఇంట్లో పడుకుంటే?

ప్రార్థనలో చదవడానికి ఎనిమిది వాక్యాలు రాశాను. మంచి జాలరి, మంచి తమ్ముడు, అందరికీ ఇష్టుడు. చదువుకుంటే ఎవరో పరాయివాడి గురించి రాసినట్టుంది. చింపేశాను.

మార్చి 20, శుక్రవారం

పని నుంచి తిన్నగా ఇష్‌బెల్ ఇంటికి వెళ్లాను. స్పోరన్ సంగతి అడుగుదామనే వెళ్లాను. నల్లది కట్టుకుంటే అమ్మ బాధపడుతుంది, ఏమంటావు అని అడగాలి, అంతే. వంటింట్లో రేపటి కోసం పళ్లేలు తుడుస్తోంది.

"అతను తట్టాడు" అన్నాను.

"ఎవరు?"

"టోర్మోడ్. ఆ పొద్దున్న. నా కిటికీ. నేను విన్నాను. మేలుకునే ఉన్నాను, లేవలేదు."

పళ్లెం తుడుస్తూనే ఉంది. ఆ ఒక్క పళ్లేన్నే చాలాసేపు తుడిచింది.

"ఎన్నిసార్లు?"

"మూడు."

"రెండేసార్లు కదా తట్టేది."

"మూడు తట్టాడు."

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. బల్ల మీదకి చూస్తూ మెల్లగా, తనతో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుపోయింది.

"ఆ రోజు పెళ్లి నుంచి ఇంటికొచ్చాక నేనన్నాను ఆయనతో. రేపు వాళ్ల కిటికీ తట్టకు, అంతమందిలో నీ పరువు తీసినవాడు, ఈసారి అతనే నీ దగ్గరికి రావాలి అన్నాను. ఆయన దీపం ఆర్పేసి పడుకున్నాడు. పొద్దున్న నేను లేచేసరికి వెళ్లిపోయాడు. తర్వాత నువ్వొచ్చి, ఎవరూ తట్టలేదన్నావు."

"వినలేదన్నాను."

"ఏదైతేనేం? నీది కుక్కనిద్ర, ఎంత తాగినా తడితే లేస్తావు. కాబట్టి తట్టలేదు అనుకున్నాను. నా మాట విని, తట్టకుండా, ఒంటరిగా వెళ్లిపోయాడు అనుకున్నాను." తల ఎత్తింది. "ఏడేళ్లు, ఇన్నెస్. నా నోటితో నేనే చంపుకున్నానని ఏడేళ్లు."

నేను ఏదో అనబోయాను.

"వెళ్లు" అంది. "ఇప్పుడు కాదు. వెళ్లు."

వచ్చేశాను. ఇంతకాలం నేను దాచింది నా తప్పు అనుకున్నాను. దాన్ని ఏడేళ్ల కిందటే ఆమె ఇంట్లో పెట్టి వచ్చానని తెలియదు. ఆమెకి ఇవాళ మేలు చేశానో, ఇంకో దెబ్బ కొట్టానో కూడా తెలియడం లేదు. ఆయన నా మాట వినలేదు అని సంతోషిస్తుందా? వినకుండా వెళ్లి అన్న కిటికీ దగ్గర నిలబడ్డాడా అని కుమిలిపోతుందా?

రేపు ప్రార్థనకి రావద్దంటుందేమో.

మార్చి 21, శనివారం

పదింటికి వచ్చింది. నిలువెల్లా నల్లబట్టలు. నా గది గుమ్మంలో నిలబడి చూసింది. మంచం మీద నాలుగు స్పోరన్లూ వరసగా పెట్టుకుని, కిల్ట్ కట్టుకుని కూర్చున్నాను, సంతలో సరుకు అమ్ముకునేవాడిలా.

నల్లది తీసుకుని ఆమె చేతికిచ్చాను. "నువ్వు చెప్పిందే కట్టుకుంటాను."

దాన్ని మంచం మీద పడేసింది. నాన్నది తీసింది.

"ఇది."

"ఇష్‌బెల్, అది మాత్రం వద్దు. ఇంకేదైనా సరే."

"అప్పుడు నవ్విన వాళ్లలో సగం మంది ఇవాళ వస్తారు. ఆయన నడుం నుంచి దీన్ని నువ్వు ఊడదియ్యడం చూశారు వాళ్లు. ఇప్పుడు నీ నడుముకి చూడనీ. ఇది కట్టుకుని అక్కడ నిలబడి, కిటికీ సంగతి చెప్పు. నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోతానంటే నేనొప్పుకోను."

"అమ్మ వింటుంది."

"వినాలి. నల్లది కట్టుకోమన్నది నా కోసం ఇన్నెస్. ఇది ఆయన కోసం."

గొలుసు నడుముకి పెట్టుకున్నాను. ఆమే వెనక్కి వచ్చి బిగించింది. అంతలో అమ్మ వచ్చింది. తలకి ఎర్ర ఉన్ని టోపీ, కోటుకి వెండి పిన్ను, నలుపన్నది ఎక్కడా లేదు. నా నడుం చూసి మొహం విప్పారింది.

"చూశావా! మొదటి నుంచీ నేను చెప్తున్నది అదే!" అంది ఇష్‌బెల్‌తో. "చివరికి నా మాటకే వచ్చారు."

ఇష్‌బెల్ నల్లకోటు తీసి నాకు అందించింది.

చర్చి నిండిపోయింది. పాస్టరు పిలిచాక లేచి ముందుకి వెళ్లాను. అందరి కళ్లూ మొదట నా మొహం మీద కాదు, నడుం మీద పడ్డాయి. మూడో వరసలో ఫార్కర్ తల దించుకున్నాడు. ఏం చెప్పానో అన్ని మాటలూ గుర్తులేవు. గొలుసు ఊడదీసింది చెప్పాను. బీరు మరకకి అంత రాద్ధాంతం చేశానని చెప్పాను. తట్టాడు, విన్నాను, లేవలేదు అని చెప్పాను. మూడోసారి తట్టింది చెప్పాను. అక్కడితో ఆపేశాను. మంచి మాట ఒక్కటీ చెప్పలేదు వాడి గురించి. అది చెప్పాల్సింది అని ఇప్పుడనిపిస్తోంది.

ఎవరో దగ్గారు. ముందు వరసలో ఎర్రటోపీ కదల్లేదు. పాస్టరు కీర్తన మొదలుపెట్టాడు. అందరూ లేచారు. అమ్మ లేవలేదు.

తర్వాత హాల్లో సూపు, శాండ్‌విచ్‌లు. అదే హాలు. ఇష్‌బెల్ గుమ్మం దగ్గర నిలబడింది. ఒక్కొక్కరూ వచ్చి "నీ భర్త పోయినందుకు మాకు చాలా బాధగా ఉంది" అని చెయ్యి పట్టుకుంటే, "మీరొచ్చినందుకు సంతోషం" అంటోంది. నీ భర్త పోయినందుకు. అందరూ అదే మాట.

నా దగ్గరికి ఇద్దరే వచ్చారు. ఫార్కర్ వచ్చి నా గొలుసు ఒక కొక్కెం పైకి సర్ది వెళ్లాడు. పక్క పడవ ముసలి డోనల్డ్ వచ్చి, "ఆ రోజు నేనూ నవ్వాను ఇన్నెస్" అన్నాడు. ఇంకేదో చెప్పాలనుకుని, సూపు గిన్నె తీసుకుని అటు వెళ్లిపోయాడు.

కారులో అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక ఎర్రటోపీ తీసి, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. టీకి పిలిచినా రాలేదు.

మార్చి 22, ఆదివారం

పొద్దున్న వంటింట్లో చప్పుడు. అమ్మ లేచి పొయ్యి వెలిగించింది. నేను వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాను. ఇల్లు వదిలి పొమ్మంటుందని రాత్రంతా అనుకున్నాను. ఎక్కడికి వెళ్లాలో కూడా ఆలోచించుకున్నాను.

నీళ్లలో గుడ్లు వేసి, అవి ఉడికేదాకా నాకు వీపు పెట్టి నిలబడింది.

"ఆ పొద్దున్న చలిగా ఉందా?" అంది.

"లేదమ్మా. గాలి లేదు. సముద్రం అద్దంలా ఉంది."

"కోటు వేసుకున్నాడా?"

"నేను చూళ్లేదు. గోడవైపు తిరిగి ఉన్నాను."

తల ఊపింది. చెంచాతో గుడ్లు తీసింది. ఒకటి తన పళ్లెంలో పెట్టుకుంది, ఒకటి నాకు పెట్టింది. రెండూ సరిగ్గా ఉడకలేదు, పగలగొడితే పచ్చసొన కారింది.

"టోర్మోడ్‌కి ఇలా జారుగా ఉంటేనే ఇష్టంగా ఉండేది" అంది.

ఏడేళ్లుగా వాడి గురించి ఎప్పుడు మాట్లాడినా "వాడికి ఇష్టం" అనేది. వాడికి ఫలానాది ఇష్టం, వాడు ఫలానాది ముట్టడు, అలా. ఈరోజు "ఉండేది" అంది. అని, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు చెంచా గాల్లో పట్టుకుని ఆగిపోయింది. నేను లేచి దగ్గరికి వెళ్లబోయాను. చెయ్యెత్తి వద్దంది.

నన్ను క్షమించిందో లేదో తెలియదు. అడిగే ధైర్యం లేదు. "తిను, చల్లారిపోతుంది" అంది. తిన్నాను.